సముద్రపు తాలు

ప్రొద్దుటూరు మిల్లుల్లో వేరుశనగ గింజలు ఏరే ఆడవాళ్ళు ఆ కాలంలో కొన్ని వందలమంది ఉండేవాళ్ళు. వాళ్ళందరిలో మైమూన్‌కు ఒక పేరుండేది. చేటలో గింజలు ఒక్కసారి ఎగరేసి, అవి మళ్ళీ చేటలో పడేలోగా ఆ కాయ ఏ నేలలో పండిందో చెప్పేసేది. పులివెందుల ఎర్రనేల గింజకు ఒక నిగారింపు, జమ్మలమడుగు వైపు నల్లనేల గింజకు ఒక మబ్బు, పెన్న ఇసుకలో పండినదానికి ఉల్లిపొరలాంటి పలచని తోలు. గుమాస్తాలు నమ్మక పందేలు కాసేవాళ్ళు. మైమూన్ ప్రతిసారీ గెలిచేది. పందెం టీ గుమాస్తాలు తాగేవాళ్ళు.

ఆమె మొగుడు ఫకీర్ సాహెబ్ పులివెందుల నుంచి మిల్లులకు కాయలు తోలే బండివాడు. నేలల సంగతి ఆమె నేర్చుకున్నది పెళ్ళైన కొత్తలో అతని బండి మీదే. వీరపునాయునిపల్లె దాటాక నేల రంగు ఎక్కడ మారుతుందో, మారినచోట పైరు ఎట్లా మారుతుందో అతను చూపిస్తూ పోయేవాడు. పెళ్ళానికి చూపించడానికి అతని దగ్గర ఇంకేమీ లేదు. ఒక వానాకాలం జ్వరమొచ్చి పోయాడు. ఎద్దులను అమ్మేశారు. మైమూన్ మిల్లులో చేట పట్టుకుంది. పద్దెనిమిదేళ్ళు వదల్లేదు.

మిల్లుల్లో ఒక వాడుక ఉండేది. ఏరినవాటిలో మంచి గింజ ఒకటో రకం. నొక్కులూ సన్నవీ రెండో రకం. ఈ రెండింటిలోకీ రానిదంతా తాలు. వట్టిపోయిన గింజ, పుచ్చు, రాయి, ఎక్కడినుంచో వచ్చిపడిన ఉలవగింజ, అన్నీ తాలే. ఏ బస్తా తాలు ఆ బస్తాకే గుడ్డమూట కట్టి మెడకు వేలాడదీయాలి. సాయంత్రం గుమాస్తా మూట విప్పి చూస్తాడు. అందులో మంచి గింజ పోలేదని తేలితే, ఏరినామె చెయ్యి నమ్మకమైనదని లెక్క. అప్పుడు ఆ తాలు ఆమెది. ఇంటికి తీసుకుపోయి, రాళ్ళు తీసేసి, మిగిలింది నూరుకుంటే రేపటి సంగటిలోకి పచ్చడి అవుతుంది. ఎవరు పెట్టారో తెలియదు గాని, ఆ మిల్లులో అందరికీ నచ్చిన వాడుక అదొక్కటే.

పందొమ్మిది వందల యాభై ఏడు ఉగాది దాటాక యజమాని ఆ వాడుక తీసేశాడు. తాలు కూడా గానుగకు తోలిస్తే కాస్త నూనె వస్తుందని అతనికి ఎవరో చెప్పారు. ఆడవాళ్ళంతా మైమూన్ ముఖం చూశారు. మైమూన్ యజమాని దగ్గరికి పోయి, తాలు ఎవరిదని అడిగింది. అరవలేదు, ఏడవలేదు, గుంపును వెంటేసుకునీ పోలేదు. ఒక్క ప్రశ్న అడిగింది. మర్నాటికి ఆమెకు చూపు మందగించిందని యజమాని కనిపెట్టాడు. ప్రొద్దుటూరులో బంగారం ధర కన్నా వేగంగా పాకేది మిల్లు యజమానుల మాట ఒక్కటే. వారం తిరక్కుండానే ఊళ్ళో ఏ మిల్లులోనూ మైమూన్‌కు చూపు లేకుండా పోయింది.

జమ్మలమడుగులో ఒక చిన్న మిల్లు ఉందంటే బస్సెక్కి పోయింది. అక్కడి గుమాస్తా ఆదినారాయణ ఆమె పేరు విన్నవాడే, కాబట్టి చూపు పోయిన సంగతీ వినే ఉన్నాడు. మనిషి చెడ్డవాడు కాదు. కార్తీకంలో కొత్త కాయలు వచ్చినప్పుడు తీసుకుంటానన్నాడు, కాని చేతిలో ఒక కాగితం ఉండాలన్నాడు.

"నీ ఏరుడు సరిగ్గా ఉందని సదువుకున్నోళ్ళు ఎవురైనా ఒక చీటీ రాసిస్తే సాలు. సావుకారి మాటకు నా మాట అడ్డం పెట్టలేనమ్మా. కాగితమైతే పెట్టొచ్చు."

కళ్ళ డాక్టరు రాసిస్తే చాలదా అని అడిగింది. డాక్టరు కళ్ళు చూస్తాడు గాని చెయ్యి చూడడని ఆదినారాయణ అన్నాడు. అందులో న్యాయం ఉందని మైమూన్‌కూ అనిపించింది.

ఆ విధంగా ఆమెకు ఆ ఏడాది కావలసింది ఒక చీటీ.

మైమూన్ తమ్ముడు కమాల్ బాషా హైస్కూల్లో అటెండరు. గంట కొట్టడం, సైన్సు గదిలో సీసాలు తుడవడం అతని పని. అక్క సంగతి విని, తమ సైన్సు మాస్టరుకు ఏరేవాళ్ళు కావాలని చెప్పాడు.

"ఏమి ఏరాల?"

"సముద్రం అడుగు, ఆపా."

మంచిదే పోదాం పద అంది మైమూన్.

సైన్సు మాస్టరు త్రివిక్రమరావు రెండేళ్ళు సెలవు పెట్టి, తూర్పు తీరంలో ఒక రేవు పట్నానికి పోయి, అక్కడి విశ్వవిద్యాలయంలో పరిశోధనలో చేరాడు. పడవలో పోయి సముద్రం అడుగునుంచి మట్టి తోడుకొచ్చాడు. ఒడ్డున మురుగుకాలువ కలిసే మూతి దగ్గర మొదలుపెట్టి, ఎనిమిది మైళ్ళ దాకా ఒకే గీతలో ఇరవై నాలుగు చోట్ల తోడాడు. ఆ మట్టిలో ఉండే పురుగులూ నత్తలూ చిప్పలూ ఏ చోట ఎన్ని రకాలున్నాయో, ఎందుకు అన్నే ఉన్నాయో తేల్చాలి. తేల్చేలోగా సెలవు అయిపోయింది. ఇరవై నాలుగు పెద్ద సీసాలను గడ్డిలో చుట్టి, పెట్టెల్లో పెట్టి, ఎర్రగుంట్ల దాకా రైల్లో, అక్కడినుంచి బండి మీద ఇంటికి తెచ్చుకున్నాడు. పగలంతా బడి. చీకటి పడితే ఆ పురుగులు కనబడవు.

అతని తల్లి నాగరత్నమ్మ సీసాలను గడప దాటనివ్వలేదు. సముద్రస్నానానికి పుణ్యముందని ఆమె ఒప్పుకుంది. సముద్రం బురదకు ఉందని ఎక్కడా వినలేదంది. పెరట్లో ఆవులు లేని కొట్టం ఒకటి ఉంటే అందులో పెట్టించారు. మైమూన్ రావలసింది కూడా పెరటి సందులోంచే. ఈ విషయంలో సముద్రానికీ మైమూన్‌కూ ఆ ఇంట్లో ఒకే మర్యాద జరిగింది.

త్రివిక్రమరావు పని చెప్పాడు. మట్టిని సన్నజల్లెడలో కడగాలి. మిగిలినదాన్ని తెల్లపళ్ళెంలో పోసి, ఒకప్పుడు ప్రాణమున్నవన్నీ ఏరాలి. ఏ రకానికి ఆ రకం వేరు చేసి, లెక్కపెట్టి, చిన్న గాజు గొట్టాల్లో వెయ్యాలి. మిల్లు కూలే ఇస్తానన్నాడు. ఆమె చీటీ సంగతి చెబితే, దానికేం భాగ్యం, పని కాగానే రాసిస్తానన్నాడు.

"రకం అంటే తెలుసు కదా?" అని మళ్ళీ అడిగాడు, జాగ్రత్తకు.

పద్దెనిమిదేళ్ళుగా రకాలు చేస్తున్న మనిషిని అడగవలసిన ప్రశ్న కాదది. అయినా పెద్దమనిషి కదా అని మైమూన్ తెలుసునంది.

సీసా మూత తీస్తే ఫార్మలిన్ మందు ఘాటుకు కళ్ళలో నీళ్ళు వచ్చేవి. చూపు పోయిందన్న యజమాని మాట ఈ మందు నిజం చేసేట్టుందని మైమూన్ తమ్ముడితో అంది. బాషా బడినుంచి ఒక భూతద్దం తెచ్చిచ్చాడు. అందులో చూసి ఆమె తిరిగిచ్చేసింది. అది పెద్దవి చేసి చూపిస్తుంది గాని వేరు చేసి చూపించదు. వేరు చేయడానికి ఆమెకు తన కళ్ళు చాలు.

మట్టి కడగడానికి నీళ్ళు కావాలి. వేసవి. బావి అడుగంటింది. నాగరత్నమ్మ మొదటి వారం చేదతో నీళ్ళు తోడి, తాను గట్టు మీద నిలబడి, మైమూన్ బిందెలోకి ఎత్తునుంచి పోసేది. మూడో వారానికి నడుము పట్టేసి, చేద అక్కడే వదిలేసి నువ్వే తోడుకోమంది. సంస్కరణ ఆ ఇంట్లోకి నడుము నొప్పి రూపంలో వచ్చింది.

మైమూన్ రకాలకు పేర్లు కూడా పెట్టుకుంది. మాస్టరు కాగితంలో రాసుకునే పేర్లు నోరు తిరిగేవి కావు. ఆమె పేర్లు ఎర్రదారం, గోరుచిప్ప, మెలికనత్త, అప్పడం, గొంగళి. మొదటి సీసాలోది నల్లటి బురద, కుళ్ళిన కోడిగుడ్డు కంపు. అందులో ఉన్నదంతా ఎర్రదారమే. సన్నగా, వెంట్రుకలంత లావున, లెక్కపెడితే వేలు. రెండు, మూడు సీసాలు కూడా అంతే. సీసాలు ఒక్కొక్కటీ దాటుతుంటే బురద తగ్గి ఇసుక వచ్చింది, ఇసుక తర్వాత చిప్పపెంకుల గరుకునేల వచ్చింది. ఎర్రదారం పలచబడి, గోరుచిప్పలూ మెలికనత్తలూ కనబడ్డాయి.

ఒక ఆదివారం పొద్దున త్రివిక్రమరావు కొట్టంలో కూర్చుని ఆమెకు సంగతి వివరించాడు. అందరూ సముద్రం అడుగంతా ఒకటే అనుకుంటారు. కాని అక్కడా రేగడి ఉంది, ఇసుక ఉంది, రాతినేల ఉంది. లోతు పెరిగేకొద్దీ వెలుతురు తగ్గుతుంది. ఏరు కలిసేచోట ఉప్పు తగ్గుతుంది. ఊరి మురుగు పడేచోట ఆ కుళ్ళే నీళ్ళలోని గాలినంతా తినేస్తుంది. ఇవన్నీ కలిసి ఏ చోట ఎన్ని రకాలు బతకాలో నిర్ణయిస్తాయి. అదే తన పరిశోధన అన్నాడు.

మైమూన్‌కు ఇందులో కొత్త కనబడలేదు. మొగుడి బండి మీద చూసిందీ ఇదే. పులివెందుల పక్క ఆమె తండ్రి చేన్లో కొర్ర, కంది, అనుము, ఆముదం అన్నీ కలిసి ఉండేవి. తర్వాత వేరుశనగ ఒకటే అయింది.

"అంటే ఒకటే జాతి యాడ జాస్తి ఉందో, ఆడ మిగతావాటికి ఊపిరాడలేదని," అంది. "మా సావుకారి మిల్లు మాదిరి."

త్రివిక్రమరావు నవ్వాడు. తర్వాత మొదటి సగం మాత్రం నోటుబుక్కులో రాసుకున్నాడు.

ఆమె పని మిల్లు పద్ధతిలోనే సాగింది. కుప్ప కట్టేటన్ని ఉంటే అది ఒక రకం. గొట్టంలోకి. రెండోది కుప్ప కట్టితే రెండో రకం. ఏ కుప్పలోకీ రాకుండా ఒకటీ అరా మిగిలినవి ఉంటాయి. నక్షత్రంలా అయిదు చేతులున్నది ఒకటి, ముళ్ళబంతిలాంటిది ఒకటి, ఎవరో చెవిపోగు పారేసుకున్నట్టుండే చిప్ప ఒకటి. ఇవి తాలు. వాటిని పాతచీర పీలికలో మూటగట్టి, దారంతో ఆ సీసాలోకే దించి, దారం చివర మెడకు కట్టేది. గాలికి ఆరితే ఇవి ముడుచుకుపోతాయని చూసింది కాబట్టి మందులోనే మునిగుండేట్టు కట్టింది. దూరం సీసాలకు వచ్చేసరికి తాలు ఎక్కువైంది. పదిహేడో సీసా మూట నిమ్మకాయంత అయింది. సముద్రం బాగా తాలు బస్తా అనుకుంది మైమూన్.

ఒకరోజు నాగరత్నమ్మ కొట్టం దాకా వచ్చి, సీసాల మెడలకు వరసగా కట్టిన దారాలు చూసింది.

"ఇవెందుకే కట్టినావు?"

"నమ్మకానికమ్మా."

నాగరత్నమ్మ తల ఊపింది. రెండు చేతులూ కొంగులో పెట్టుకుని లోపలికి పోయింది.

మైమూన్‌ను బాధపెట్టింది ఒక్కటే. మాస్టరు ఏ సాయంత్రమూ మూటలు విప్పి చూడలేదు. గొట్టాలు తీసుకుంటాడు, అంకెలు రాసుకుంటాడు, సీసాలవైపు చూడకుండా పోతాడు. పెద్దమనిషి నమ్మేశాడని ఒకవైపు మర్యాదగా ఉండేది. తాలు చూడనివాడికి ఏరుడు విలువ ఏం తెలుస్తుందని ఇంకోవైపు గుచ్చుకునేది. రెండిట్లో ఏది నిజమో తేల్చుకోకుండానే ఆషాఢం నాటికి ఇరవై నాలుగు సీసాలూ ముగించింది.

చీటీ అడిగింది. లెక్కలు ప్రొఫెసరుకు పంపాను, ఆయన సరేనన్న రోజే రాస్తానని త్రివిక్రమరావు చెప్పాడు. శ్రావణం పోయింది. మైమూన్ నాలుగు ఇళ్ళలో వడ్లు దంచింది. భాద్రపదంలో బాషా పరుగున వచ్చి, అయివారు పిలుస్తున్నారని చెప్పాడు. ఆమె ఉన్న చీరల్లో మంచిది కట్టుకుని పోయింది.

త్రివిక్రమరావు పెరటి అరుగు మీద ఉత్తరం పట్టుకుని కూర్చున్నాడు. నాగరత్నమ్మ వంటింటి గడపలో పప్పు బాగుచేస్తున్నది. అతను కూర్చోమనలేదు. ప్రొఫెసరు రాసింది తెలుగు చేసి చదివాడు. మురుగుకాలువ మూతి దగ్గర ఒక రకం, ఎనిమిది మైళ్ళ అవతల మూడే రకాలు అని నీ లెక్క చెబుతున్నది. అంటే నేల మారినా, ఉప్పు మారినా, గాలి మారినా సముద్రానికి పట్టింపు లేదన్నమాట. సముద్రం అట్లాంటిది కాదు. ఒకటీ అరా కనబడే అరుదైనవి ఏమయ్యాయి? నీ మట్టిని ఎవరు ఏరారో వాళ్ళను అడుగు.

"ఏం మైమూన్, ఎక్కడ పారేసినావు?" అన్నాడు. "మీ సావుకారి అన్నది నిజమే అన్నమాట. నీకు కళ్ళు ఆనడం లేదు."

మైమూన్‌కు ముందు కనబడింది జమ్మలమడుగు మిల్లు గేటు. తర్వాత ఆదినారాయణ ఖాళీ చెయ్యి.

"తాలు పారేస్తే మిల్లులో దొంగతనం కింద లెక్క అయివారూ. నేను పారేయలా. మూటలు ఇప్పి సూసినారా?"

"ఏ మూటలు?"

"సీసాల మెడకు కట్టినేవి."

త్రివిక్రమరావు తల్లివైపు చూశాడు. తల్లి పప్పువైపు చూసింది.

"అవి తాయెత్తులు కదా," అన్నాడు.

కొట్టంలో మొదటి దారం చూసిన రోజునే అతనికి ఆ సంగతి అర్థమైపోయిందట. సాయిబుల మనిషి, దర్గాలో కట్టించుకొచ్చి సీసాలకు దిష్టి తగలకుండా కట్టిందనుకున్నాడు. తాను మూఢనమ్మకాలకు వ్యతిరేకమే గాని, ఇంకో మతం వాళ్ళ మనసు నొప్పించకూడదని ఊరుకున్నాడు. అంత విశాలహృదయం. ఆషాఢంలో సీసాలు సర్దేటప్పుడు దారాలన్నీ తెంపి, వాటికి కట్టినవాటితో సహా పారెయ్యమని బాషాకు చెప్పాడు కూడా. అప్పుడు నాగరత్నమ్మ అడ్డుపడింది. నమ్మకానికి కట్టిందని ఆ మనిషి తన నోటితో చెప్పింది, తెంపితే ఇంటికి అరిష్టమని పంతం పట్టింది. కొడుకు సైన్సును ఆ పూట తల్లి భయం కాపాడింది.

మైమూన్ అంతా విన్నది.

"నేను తాయెత్తులు కట్టేదాన్నైతే మిల్లులోనే కట్టుకొనుందును గదా అయివారూ," అంది.

పదిహేడో సీసా తెచ్చి, దారం లాగి, పీలిక విప్పి, తెల్లపళ్ళెంలో నీళ్ళలో కుమ్మరించారు. అయిదు చేతుల నక్షత్రం తేలింది. ముళ్ళబంతి, చెవిపోగు చిప్ప, వెన్నెముకలా గణుపులున్న పురుగు, అద్దంలాంటి రొయ్య, ఒకదానికొకటి పోలిక లేకుండా పళ్ళెమంతా పరుచుకున్నాయి. త్రివిక్రమరావు నేలమీద కూర్చుండిపోయాడు. వేలితో ఒక్కొక్కదాన్నీ జరిపి చూస్తూ అడిగాడు.

"ఇవన్నీ రకాలు కావా మైమూన్? నేను రకాలు ఏరమంటే ఇవి ఎందుకు వదిలేశావు?"

"ఒక్కటి రకమెట్లయితాది? రకమంటే కుప్ప ఉండొద్దా?"

"ఒక్కటున్నా రకమే."

"మిల్లులో కాదు."

"సముద్రంలో అంతే."

మైమూన్ పళ్ళెంలోకి చూసింది. ఇది ముందే చెప్పి ఉంటే ఇన్ని పీలికలు వృథా అయ్యేవి కావని మాత్రం అంది.

దసరా సెలవులన్నీ ఇద్దరూ మూటలతోనే కూర్చున్నారు. ఈసారి ఒక్కోదాన్ని ఒక్కో రకంగా ఆమె ఏరింది, అతను పుస్తకాలు ముందేసుకుని పేర్లు వెతికాడు. మొదటి సీసా మూటలో ఒకే ఒక చిప్ప దొరికింది, అది కూడా చచ్చి చాలాకాలమైంది. పదిహేడో మూటలో ముప్పై ఒకటి. మురుగు మూతి దగ్గర ఒకటే జాతి వేలకు వేలు. ఎనిమిది మైళ్ళ అవతల గరుకునేలలో, శుభ్రమైన నీళ్ళలో ఏదీ ఎక్కువ లేదు, కాని లేనిదంటూ లేదు. మధ్యలో మెట్లు మెట్లుగా పెరిగాయి. త్రివిక్రమరావు గ్రాఫు కాగితం మీద గీత గీశాడు. అంతకుముందు పక్కకు పడుకున్న గీత ఇప్పుడు కొండ ఎక్కినట్టు లేచింది. తేడా అంతా మూటల్లోనే ఉంది.

పన్నెండో సీసా మీది చీటీ తడికి చెరిగిపోవడంతో దాన్ని పద్నాలుగో సీసాతో తారుమారు చేశాడు త్రివిక్రమరావు. మైమూన్ రెండు పళ్ళేలూ చూసి మార్పించింది. ఇందులో గొంగళి ఉంది, గొంగళి ఇంకా బురద వదలని ఇసుకలోనే ఉంటాది, ఇది ఒడ్డుకు దగ్గరిది అంది. అతను నోటుబుక్కు తిరగేసి చూశాడు. ఆమె చెప్పిందే సరి. మర్నాటినుంచి అతను ఆమెను కూర్చోమనడం మొదలుపెట్టాడు.

ప్రొఫెసరు రెండో ఉత్తరం పొట్టిగా వచ్చింది. ఇప్పుడు ఇది సముద్రంలా ఉంది అని ఒక్క వాక్యం. త్రివిక్రమరావు ఆ రోజే చీటీ రాశాడు. మంచి కాగితం మీద, ఇంగ్లీషులో, కింద సంతకం, సంతకం కింద డిగ్రీ. మైమూన్ అను ఈమె సముద్రగర్భ జీవులను మిక్కిలి నైపుణ్యంతో వేరుచేసినదనీ, ఈమె దృష్టిలో లోపమేమీ లేదనీ అందులో ఉందని చదివి చెప్పాడు.

అదే వారం పరిశోధన పుస్తకాన్ని టైపు చేయించడానికి కాగితాలు మోసింది కమాల్ బాషాయే. కృతజ్ఞతల పేజీ దగ్గర ఆగి, కూడబలుక్కుని చదివాడు. ప్రొఫెసరు పేరుంది, పడవ ఇచ్చినాయన పేరుంది, హెడ్మాస్టరు పేరుంది, తల్లి ఓర్పు ఉంది. అక్క పేరు లేదు. మాస్టరును అడిగాడు. ఇటువంటి పుస్తకాల్లో అట్లా రాసే పద్ధతి లేదు బాషా అని ఆయన సర్దిచెప్పాడు. చివర చిన్నక్షరాల్లో ఏరడంలో సాయపడిన ఇతరులకు అని ఉంది కదా, అందులో అందరూ వస్తారన్నాడు. ఆయనకు అందులో తప్పేమీ కనబడలేదు. బస్తా మీద మిల్లు పేరు వేస్తారు, ఏరినామె పేరు ఎవరు వేస్తారు?

బాషా ఇంటికొచ్చి అక్కకు చెప్పాడు.

"అంటే నన్ను తాలులో కట్టినాడు," అంది మైమూన్. కొంచెమాగి, "పారేసినాడా, మెడకు కట్టినాడా?" అని అడిగింది.

"అడుగున సన్నక్షరాల్లో ఉండాది ఆపా."

"అయితే మెడకే."

కార్తీకం రెండో వారంలో చీటీని మడిచి, తమలపాకుల సంచిలో పెట్టుకుని జమ్మలమడుగు బస్సెక్కింది. మిల్లు ముందు కాయల బండ్లు వరసగా నిలబడి ఉన్నాయి. ఆదినారాయణ బల్ల వెనక కూర్చుని ఉన్నాడు. ఆమెను గుర్తుపట్టి చెయ్యి చాచాడు. మైమూన్ సంచిలో చెయ్యి పెట్టి, తీయకుండా ఆగింది. ఏడు నెలలు ఈ కాగితం కోసమే తిరిగింది. అయినా ముందు అడగవలసింది ఒకటుంది. పోయినసారి ఇదే ప్రశ్నకు కళ్ళు పోయాయి.

"ఈడ తాలు ఎవురిదప్పా?"

"ముందు చీటీ సూపీమ్మా."

"ముందు ఇది చెప్పు."

వెనక బస్తాలు కుడుతున్న ఇద్దరాడవాళ్ళు సూదులు ఆపారు. ఆదినారాయణ వాళ్ళ వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు.

"ఏరినోళ్ళదేలే," అన్నాడు. "మాది సిన్న మిల్లు. తాలు అమ్ముకునేంత పెద్దోళ్ళం ఇంగా కాలేదు."

అప్పుడు చీటీ ఇచ్చింది. ఆదినారాయణ దాన్ని విప్పి, అటూ ఇటూ తిప్పి, ఇంగ్లీషా అన్నాడు. సంతకం కింద డిగ్రీ చూసి తృప్తిపడ్డాడు. మడిచి, బల్లమీద ఇనుప చువ్వకు గుచ్చాడు. అప్పటికే దానికి తూకం చీటీలు గుచ్చి ఉన్నాయి. తర్వాత పద్ధతి ప్రకారం ఒక చేట గింజలు పోసి ఏరి చూపమన్నాడు.

మైమూన్ కూర్చుంది. చేట ఒక్కసారి ఎగరేసింది. పులివెందుల కాయ, ఎర్రనేలది. చేతులు వాటంతటవే కదిలాయి. ఆదినారాయణ ఇంకో బండి తూకం వేయించి తిరిగొచ్చేసరికి ఆమె ముందు పదకొండు కుప్పలున్నాయి. పెద్దవి, చిన్నవి, మొనదేలినవి, చారలున్నవి, తోలు పగిలినవి, పుచ్చుల్లో పొడిపుచ్చూ తడిపుచ్చూ వేరువేరుగా. పదకొండో కుప్పలో ఒక్క ఉలవగింజ ఉంది.

"ఇదేందమ్మా ఇది?"

"రకాలు."

"మాకు రెండే రకాలు."

మైమూన్ కుప్పలవైపు ఒకసారి చూసుకుంది. ఆమెకు పని కావాలి. ఒకటో రకంలోకి పోయేవి ఒకవైపు, రెండో రకంలోకి పోయేవి ఒకవైపు కలిపేసింది. మిగిలింది పీలికలో వేసి, ఉలవగింజను కూడా అందులోనే పెట్టి, మూటగట్టి బస్తా మెడకు వేలాడదీసింది.

సాయంత్రం ఆదినారాయణ వచ్చి మూట విప్పాడు. అరచేతిలో పోసుకుని, వేలితో కెలికి, ఉలవగింజను పక్కకు జరిపి, దాని కిందా చూశాడు. మంచి గింజ ఒక్కటీ లేదు. మళ్ళీ మూటగట్టి ఆమె చేతిలో పెట్టాడు.

మైమూన్ దాన్ని తమలపాకుల సంచిలో వేసుకుంది.

"రేపు ఎన్ని గంటలకు రావల్ల?" అని అడిగింది.

"ఏడుకు," అన్నాడు ఆదినారాయణ.